వార్తల్లో పదం: స్థిర, చర వ్యయాలు
ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో ఇంజను పడవల వేటకు నిషేధం. కోడూరు మండలం పాలకాయతిప్పలోనూ అంతే. వేట ఆగితే డీజిల్, ఐస్ ఖర్చులు ఆగుతాయి. అవి చర వ్యయాలు. పడవ అప్పు మీద వడ్డీ ఆగదు. అది స్థిర వ్యయం. చిక్కంతా ఇంజను మరమ్మతులతోనే: ఒడ్డున ఉన్నా కొంత తప్పదు, తిరిగేకొద్దీ పెరుగుతుంది. ఒక నెల 20 వేటలకు 9,000, మరో నెల 10 వేటలకు 6,000 రూపాయలు అయ్యాయనుకుందాం. ఖర్చుల తేడాను వేటల తేడాతో భాగిస్తే వేటకు 300. ఆ లెక్కన వేటల ఖర్చు పోగా మిగిలిన 3,000 స్థిరం. మొరటు లెక్కే, ఒక నెలలో పెద్ద మరమ్మతు పడితే తలకిందులవుతుంది. ఇక కళాసీలకు వాటా ఇచ్చే పడవల్లో ఆ వాటా ఖర్చు వేటల సంఖ్యతో కాదు, పడిన చేపల రాబడితో మారుతుంది.