కోడింగ్ వదిలి మేనేజర్ అవ్వాలా? ఓకే చెప్పే ముందు ఈ విషయాలు చూసుకోండి!

ఐటీలో ఎనిమిది, పదేళ్ల ఎక్స్‌పీరియన్స్ వచ్చిందంటే చాలు.. చాలామందికి ఈ ప్రశ్న ఎదురవుతుంది. అప్రైజల్ మీటింగ్‌లో 'ఇక టీమ్‌ని నువ్వు చూసుకుంటావా?' అని బాస్ అడుగుతారు. ఇంట్లో, పెళ్లి సంబంధాల దగ్గర చుట్టాలు అడిగేది కూడా దాదాపు అదే.. 'నీ కింద ఎంతమంది పనిచేస్తున్నారు?' అని. దీంతో మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో చాలామంది పెద్దగా ఆలోచించకుండానే సరే అనేస్తారు. అయితే ఇప్పుడు పెద్ద టెక్ కంపెనీలే మేనేజర్ పోస్టులు తగ్గిస్తున్నాయి. మరి ఎప్పుడు మారాలి? ఎప్పుడు ఆగాలి? ఒకసారి చూద్దాం.

పేరుకే ప్రమోషన్.. పని మొత్తం మారిపోతుంది

ఇంజనీర్‌గా ఉదయం రాసిన కోడ్ పనిచేస్తుందో లేదో సాయంత్రానికి తెలిసిపోతుంది. మేనేజర్ అయ్యాక అలా ఉండదు. ఒక జూనియర్‌కి మీరు నేర్పింది ఫలించిందా లేదా అన్నది తెలియడానికి ఆరు నెలలు పట్టొచ్చు. రోజంతా ఇంటర్వ్యూలు, వన్ ఆన్ వన్ మీటింగ్‌లు, లీవులు, గొడవలు, ఎస్కలేషన్లతోనే సరిపోతుంది. 'ఈరోజు నేనేం చేశాను?' అనే డౌట్ మొదట్లో చాలామందికి వస్తుంది.

ఇంటెల్‌ని నడిపించిన ఆండీ గ్రోవ్ 1983లో రాసిన 'హై అవుట్‌పుట్ మేనేజ్‌మెంట్' పుస్తకంలో దీనికి ఒక లెక్క చెప్పారు. మేనేజర్ పనిని అతని సొంత పనితో కొలవకూడదు, అతని టీమ్, అతని ప్రభావం ఉన్న పక్క టీమ్‌లు సాధించిన దానితో కొలవాలన్నది ఆయన మాట.

అన్నిటికంటే కష్టమైన భాగం రేటింగులు. హైక్ బడ్జెట్ ఇంతే అని పైనుంచి వస్తుంది. నిన్నటిదాకా మీతో కలిసి టీ తాగిన ఫ్రెండ్‌ని కూర్చోబెట్టి, ఈసారి రేటింగ్ తక్కువ వచ్చిందని మీరే చెప్పాలి. ఎందుకు తక్కువో కారణం చూపించాలి. మరుసటి రోజు అదే మనిషితో పని చేయించాలి. ఈ సీన్ ఊహించుకుంటేనే మీకు నిద్ర పట్టదనుకుంటే, ఆ విషయాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

బెస్ట్ ఇంజనీర్.. బెస్ట్ మేనేజర్ అవుతారా?

అవుతారన్న గ్యారంటీ లేదు. చేస్తున్న పనిలో బాగున్నారని పైకి పంపుతూ పోతే, చివరికి మనిషి తనకు చేతకాని పోస్టులో ఆగిపోతాడని 1969లోనే 'పీటర్ ప్రిన్సిపుల్' పుస్తకం చెప్పింది. అమెరికాలో సేల్స్ ఉద్యోగులపై చేసిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. బాగా అమ్మేవాళ్లకే ఎక్కువగా ప్రమోషన్లు దక్కాయని, కానీ వాళ్లు మేనేజర్లుగా అంతగా రాణించలేదని అందులో తేలింది.

అలాగని మేనేజర్లు అక్కర్లేదా? గూగుల్ 2002లో ఇంజనీరింగ్ మేనేజర్లను తీసేసి చూసింది. ఖర్చుల బిల్లులు, ఉద్యోగుల మధ్య తగాదాలు నేరుగా లారీ పేజ్ దగ్గరికి వెళ్లడం మొదలైంది. ఆ ప్రయోగం కొన్ని నెలల్లోనే ముగిసింది. తర్వాత 'ప్రాజెక్ట్ ఆక్సిజన్' పేరుతో మంచి మేనేజర్ లక్షణాలపై గూగుల్ రీసెర్చ్ చేసింది. ఎనిమిది లక్షణాల లిస్టులో మంచి కోచ్‌గా ఉండటం మొదటిది. టెక్నికల్ స్కిల్ ఉన్నది ఆఖర్న.

మారడానికి టైమ్ వచ్చిందని ఎలా తెలుస్తుంది?

* జూనియర్ సమస్యను మీరే సాల్వ్ చేయడం కన్నా, అతనితో చేయించడంలో మీకు ఎక్కువ సంతృప్తి దొరుకుతోంది.
* టీమ్‌లో ఎవరికైనా ఇబ్బంది వస్తే, ఎవరూ చెప్పకుండానే మీ దగ్గరికి వస్తున్నారు.
* మీరు చేయాలనుకున్న పని ఇక ఒక్కరి వల్ల అయ్యేది కాదు.
* టెక్నికల్‌గా మీ పునాది గట్టిగా ఉంది. రేపు వెనక్కి రావాల్సి వచ్చినా ఇంటర్వ్యూ పాసవుతానన్న ధైర్యం ఉంది.

ఇవే కారణాలైతే కాస్త ఆగండి

జీతం కోసమో, చుట్టాల కోసమో, కొత్త టెక్నాలజీ నేర్చుకోవడానికి విసుగొచ్చిందనో మారితే తర్వాత ఇబ్బందే. మీ కంపెనీలో స్టాఫ్ ఇంజనీర్, ప్రిన్సిపల్ ఇంజనీర్ లాంటి పోస్టులు ఉన్నాయేమో ముందు కనుక్కోండి. ఈ దారిలో మనుషులను మేనేజ్ చేయకుండానే పైకి వెళ్లొచ్చు. యాపిల్ కో-ఫౌండర్ స్టీవ్ వోజ్నియాక్ కూడా జీవితాంతం ఇంజనీర్‌గానే ఉండొచ్చని ఒక ఫ్రెండ్ చెప్పాకే కంపెనీలో ఫుల్‌టైమ్ చేరడానికి ఒప్పుకున్నారు.

ఇప్పుడు మార్కెట్ ఎలా ఉంది?

మెటాలో 2023లో మధ్య స్థాయి లేయర్లు తగ్గించారు. చాలామంది మేనేజర్లను తిరిగి ఇండివిడ్యువల్ కంట్రిబ్యూటర్లుగా మారమని అడిగారు. హైదరాబాద్‌లో భారీ క్యాంపస్ ఉన్న అమెజాన్ కూడా అదే బాట పట్టింది. మేనేజర్లతో పోలిస్తే ఇండివిడ్యువల్ కంట్రిబ్యూటర్ల నిష్పత్తి 2025 మార్చి చివరికల్లా కనీసం 15 శాతం పెరగాలని 2024 సెప్టెంబర్‌లో సీఈఓ ఆండీ జస్సీ చెప్పారు. అంటే ఇద్దరు ముగ్గురున్న చిన్న టీమ్‌కి మేనేజర్‌గా ఉంటూ, టెక్నికల్ టచ్ పూర్తిగా పోగొట్టుకుంటే రిస్క్ ఎక్కువ. కోడ్ రాయకపోయినా డిజైన్ రివ్యూలు మాత్రం వదలొద్దు.

ముందు ట్రయల్ వేయండి

ఒకేసారి దూకాల్సిన పని లేదు. ఇంటర్న్‌లనో, ఇద్దరు జూనియర్లనో ఆరు నెలలు చూసుకుంటానని అడగండి. ఓకే చెప్పే ముందు బాస్‌ని ఈ నాలుగూ అడిగి, జవాబులు మెయిల్‌లో తీసుకోండి.

* నా కింద ఎంతమంది ఉంటారు? వాళ్ల రేటింగ్, హైక్ విషయంలో నా మాటకు ఎంత విలువ?
* ఇది నిజంగా పీపుల్ మేనేజర్ పోస్టేనా? లేక క్లయింట్ కాల్స్, బిల్లింగ్, స్టేటస్ రిపోర్టులు చూసే ప్రాజెక్ట్ మేనేజర్ పనా?
* నా పాత కోడింగ్ పని ఎవరికి ఇస్తారు?
* నచ్చకపోతే ఇదే లెవెల్‌లో ఇంజనీర్‌గా వెనక్కి రావొచ్చా?

రెండో ప్రశ్న సర్వీస్ కంపెనీల్లో చాలా ముఖ్యం. పాత పని కూడా మీ మీదే ఉంటుందంటే, రెండు ఉద్యోగాలు ఒకే జీతానికి చేయమన్నట్టే. ఇక చివరి ప్రశ్నకు 'చూద్దాంలే' అని జవాబొస్తే, వెనక్కి దారి లేదనే అనుకుని నిర్ణయం తీసుకోండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. పని స్వభావం బాగా మారితే హెచ్1బీ పిటిషన్ సవరించాల్సి రావొచ్చు. గ్రీన్‌కార్డ్ ప్రాసెస్ నడుస్తుంటే దానిపైనా ప్రభావం పడొచ్చు. టైటిల్ మారకముందే అటార్నీతో మాట్లాడండి.

మేనేజర్‌గా రెండు మూడేళ్లు చేసి, మళ్లీ ఇంజనీర్‌గా వచ్చేవాళ్లూ ఉన్నారు. హనీకోంబ్ కంపెనీ కో-ఫౌండర్ ఛారిటీ మేజర్స్ దీన్ని 2017లో గడియారం లోలకంతో పోల్చారు. కాబట్టి వెనక్కి రావడాన్ని డిమోషన్ అనుకోవద్దు. కాకపోతే కోడింగ్‌కి దూరమైన ప్రతి ఏడాదీ ఆ దారి ఇంకాస్త ఇరుకవుతుంది. అందుకే ఏడాదికోసారైనా ఈ పని నాకు సరిపోతోందా అని మిమ్మల్ని మీరే అడగండి.. వీలైతే మీ టీమ్‌నీ అడగండి.