వాయిదా పడింది శస్త్రచికిత్సే, బాధ కాదు

కీళ్ల నొప్పితో ప్రాణం పోదు కదా అని మనం తేలిగ్గా అనేస్తాం. తెల్లవారుజామున నానీ గోడ పట్టుకొని వజూకు వెళ్తుంటే వయసు మీద పడిందని సరిపెట్టుకుంటాం. ఆ నొప్పి మనసునెంత కుంగదీస్తుందో 2020 నాటి కరోనా విపత్తు బయటపెట్టింది.

ఆ ఏడాది మార్చిలో మన దేశంలోనూ, బ్రిటన్‌లోనూ అత్యవసరం కాని శస్త్రచికిత్సలను వాయిదా వేయాలని ఆస్పత్రులకు సూచనలు వెళ్లాయి. పడకలు, మత్తు వైద్యులు, వెంటిలేటర్లు కరోనా రోగులకు అవసరమయ్యాయి. ఆ నిర్ణయం తప్పనిదే. కాని కీళ్ల మార్పిడి కోసం రోజులు లెక్కపెట్టుకుంటున్నవారు మళ్లీ నిరీక్షణలో పడ్డారు.

బ్రిటన్‌లో పది ఆస్పత్రులకు చెందిన ఇలాంటి రోగులు 800 మందికి పైగా ఒక పరిశీలనలో పాల్గొన్నారు. దాని ఫలితాలు 2021లో వెలువడ్డాయి. నొప్పి, నడక, సొంత పనులు, దిగులు వంటి వాటిపై వారి జవాబులను లెక్కకట్టారు. తుంటి కీలు మార్పిడికి వేచి ఉన్నవారిలో మూడో వంతుకు పైగా, మోకాలి కీలుకు వేచి ఉన్నవారిలో నాలుగో వంతుకు దగ్గరగా 'మరణం కన్నా హీనం' అని ఆ కొలమానం సూచించే స్థితిలో ఉన్నారు. కరోనాకు ముందు ఆ సంఖ్య ఇందులో దాదాపు సగమే.

ఇలా ఎందుకవుతుంది? నొప్పి నిద్రను చెడగొడుతుంది, నిద్రలేమి నొప్పిని పెంచుతుంది. కదలిక తగ్గితే కండరాలు బలహీనపడతాయి, నడక మరింత భారమవుతుంది. గడువు తెలిసిన బాధను మనిషి ఓర్చుకోగలడు. గడువు తెలియని బాధ అతనిలో ఆశను తినేస్తుంది. అందుకు తోడు నాడు మస్జిదుల తలుపులూ మూతపడ్డాయి, పరామర్శకు వచ్చేవారూ లేరు.

సజ్దా చేయలేకపోతున్నానన్న బెంగ మన పెద్దల్లో మరొకటి. నిలబడలేనివారు కూర్చొని నమాజు చేసే సౌలభ్యం ధర్మంలో ఉంది. ఆ మాట వారికి ప్రేమగా గుర్తుచేయాలి.

నేటికీ ఏదో ఒక కారణంతో శస్త్రచికిత్స ఆలస్యమవుతున్న ఇళ్లున్నాయి. అక్కడ మనం చేయగలిగినవి చిన్న పనులే. వైద్యులు చెప్పిన తొడ కండరాల వ్యాయామాలు దగ్గరుండి చేయించాలి. నొప్పి ఉన్న కాలికి రెండో వైపు చేతిలో కర్ర పట్టుకోవాలని చెప్పాలి. నొప్పి మాత్రలు సొంతంగా ఏళ్ల తరబడి మింగితే కడుపుకు, మూత్రపిండాలకు హాని. 'కాలెలా ఉంది?' అని అడిగే మనం 'మనసెలా ఉంది?' అని కూడా అడగాలి. బతుకు మీద విరక్తి మాటల్లో వినిపిస్తే ఆలస్యం చేయక వైద్యునికి చెప్పాలి. 2022లో మొదలైన టెలి మానస్ 14416 నంబరుకూ ఫోన్ చేయవచ్చు.

శస్త్రచికిత్స తేదీ మన చేతిలో ఉండకపోవచ్చు. ఆ తేదీ వచ్చేవరకు వారి పక్కన కూర్చోవడం మాత్రం మన చేతిలోనే ఉంది.