ఏటేటా చేసుకునే వారసత్వం: నూజివీడు మామిడి ప్రాంత కుటుంబ సంప్రదాయాలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

వేసవిలో ఆవకాయ పెట్టడం, సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చడం నూజివీడు పరిసరాల్లో కుటుంబాలు కూడే రెండు ముఖ్య సందర్భాలు. ఈ సందర్భాలతో ముడిపడిన జాడీ, కొండపల్లి బొమ్మ, వాటితోపాటు బొంత, వీణ వంటి చేతిపని వస్తువులు ఎక్కువగా స్త్రీల ద్వారా తరం నుంచి తరానికి అందుతున్నాయి. ఇవి భద్రంగా దాచడం వల్ల నిలిచినవి కావనీ, ఏటేటా తిరిగి చేయడం, చేర్చడం, బాగుచేయించడం వల్ల నిలుస్తున్నాయనీ, అందువల్ల పరిశోధకులు వస్తువుతోపాటు దాని చుట్టూ ఉన్న పనినీ, పదజాలాన్నీ నమోదు చేయాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నూజివీడు, ఆవకాయ, బొమ్మల కొలువు, కొండపల్లి బొమ్మలు, వీణ, భౌతిక సంస్కృతి, స్త్రీల వారసత్వం, వంటింటి పదజాలం.

1. ఉపోద్ఘాతం:

తండ్రి తాతల నుంచి వచ్చిన ఆస్తిని తెలుగులో ‘పిత్రార్జితం’ అంటాం. స్వయంగా సంపాదించినది ‘స్వార్జితం’. తల్లి నుంచి, అమ్మమ్మ నుంచి వచ్చినదానికి వాడుకలో ఇటువంటి పదం స్థిరపడలేదు. ‘స్త్రీధనం’ అనే మాట ఉన్నా అది ధర్మశాస్త్రాల, న్యాయస్థానాల పరిభాష. ఇళ్లలో మాత్రం “ఇది మా అమ్మమ్మ నాటిది” అని ఒక వాక్యంగానే చెబుతారు. పేరు లేని ఈ వారసత్వమే ఈ వ్యాసానికి విషయం.

జానపద విజ్ఞానాన్ని మౌఖిక సాహిత్యం, భౌతిక సంస్కృతి, సాంఘిక జానపద ఆచారాలు, జానపద ప్రదర్శన కళలు అని రిచర్డ్ డార్సన్ 1972లో నాలుగు శాఖలుగా విభజించాడు. తెలుగు జానపద పరిశోధనలోనూ ఈ విభజన ప్రచారంలో ఉంది. బోధనకు ఇది అనుకూలమే గానీ, కుటుంబ సంప్రదాయాలను పరిశీలించేటప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. ఆవకాయ జాడీ భౌతిక సంస్కృతి అవుతుంది. ఆవకాయ పెట్టేనాడు అక్కచెల్లెళ్లు పుట్టింట కూడడం ఆచారమవుతుంది. పాళ్లు చెప్పే మాట మౌఖిక సంప్రదాయం కిందికి పోతుంది. ఇంట్లో ఒకే పూట ఒకే పనిగా జరిగేది శాస్త్రంలో మూడు ముక్కలవుతుంది. ఈ మూడింటినీ కలిపి చూసినప్పుడే వారసత్వం అందే తీరు అర్థమవుతుంది.

2. నేల – తోట – ఆస్తి:

కృష్ణా డెల్టా వరిపొలాలకు ఎగువన ఉన్న మెట్ట ప్రాంతం నూజివీడు. ఇక్కడి ఎర్రనేలలు మామిడికి అనుకూలం. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెం ప్రాంతాల వరకు తోటలు పరచుకొని ఉన్నాయి. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, తోతాపురి ఇక్కడి ప్రధాన రకాలు. మామిడి పరిశోధన స్థానం కూడా నూజివీడులో ఉంది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో నూజివీడు ఏలూరు జిల్లాలోకి, కొండపల్లి ఎన్టీఆర్ జిల్లాలోకి చేరాయి. అంతకుముందు రెండూ కృష్ణాజిల్లావే. ఈ వ్యాసంలో రెండింటినీ ఒకే సాంస్కృతిక పరిధిగా తీసుకోవడానికి ఇదొక కారణం.

మామిడి చెట్టు దీర్ఘకాలం కాపునిస్తుంది. తాత నాటిన చెట్టు కాయను మనుమలు తింటారు. అందువల్ల తోట సహజంగానే పిత్రార్జితానికి ప్రతీక అయింది. మితాక్షర సంప్రదాయం ప్రకారం ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు కొడుకులదే. అవివాహితలైన కుమార్తెలకు ఆ హక్కును కల్పించిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. దేశవ్యాప్తంగా కుమార్తెలందరికీ సమానహక్కు 2005 సవరణతో వచ్చింది. పసుపుకుంకుమల కింద కూతురికి భూమి ఇచ్చిన కుటుంబాలు అంతకుముందూ ఉన్నాయి. అయినా మొత్తం మీద తోట కొడుకుల పేర నిలిచింది. కూతుళ్లతో అత్తవారింటికి వెళ్లినవి పత్రం, రిజిస్ట్రేషను అక్కరలేని వస్తువులు: చీరలు, పాత్రలు, జాడీలు, బొమ్మలు, కొన్ని ఇళ్లలో వీణ. వాటితోపాటు చేతికి వచ్చిన పని కూడా వెళ్లింది. తోట మారని ఊళ్లో ఉండిపోగా, తోటలోని కాయను ఏడాదంతా నిలవచేసే విద్య ఊళ్లు మారుతూ సాగింది.

3. ఆవకాయ: వేసవి కలయిక:

తోటను పూత మీదో పిందె మీదో గుత్తకు ఇచ్చేటప్పుడు ఇంటివాడకానికి కొంత కాయను మినహాయించుకునే రివాజు ఉంది. టెంక ముదిరి, పులుపు తగ్గని కాయే ఆవకాయకు పనికివస్తుంది. ఆ దశ ఏప్రిల్, మే నెలల్లో కొద్ది వారాలే ఉంటుంది. పిల్లలకు బడి సెలవులు కూడా అప్పుడే. కాయ ముదిరే కాలమూ, కూతుళ్లు పిల్లలతో పుట్టింటికి వచ్చే కాలమూ ఇలా ఒక్కటయ్యాయి. పెళ్లికి ముహూర్తం మార్చుకోవచ్చు, కాయ మాత్రం ఆగదు. ఏడాదికొకసారి కుటుంబం కూడడానికి ఇంతకంటే బలమైన నిర్బంధం అరుదు.

పనిలో విభజన స్పష్టంగా ఉంటుంది. కాయలు కడిగి, తడిలేకుండా తుడవడం పిల్లల పని. పెద్ద కత్తిపీట మీద ముక్కలు కొట్టడానికి బలమూ ఒడుపూ కావాలి. ప్రతి ముక్కకూ పెచ్చు అంటి ఉండాలి, లేకపోతే ముక్క నాలుగు నెలలకే మెత్తబడుతుంది. జీడి, దాని పొర తీసి ముక్కలు తుడిచాక ఉప్పు, కారం, ఆవపిండి, మెంతులు, నూనె కలిపే పని ఇంటి పెద్దావిడది. మూడోనాడు జాడీ తెరిచి తిరగకలుపుతారు. అప్పటికి ఉప్పు ముక్కలోని నీటిని బయటకు లాగి ఊట దిగుతుంది. ఉప్పు తగ్గిందో లేదో తేలేది ఆనాడే. పైకి తేలిన నూనె గాలిని అడ్డుకుంటుంది. ఉప్పు, పులుపు, ఆవఘాటు సూక్ష్మజీవులను పెరగనీయవు. వీటిని శాస్త్ర పరిభాషలో చెప్పని గృహిణులు ‘తడి తగలరాదు’ అనే ఒక్క నియమంలో ఇమిడ్చారు.

ఈ పనిలో వినిపించే మాటలు భాషా విద్యార్థికి విలువైనవి. ‘ఊరగాయ’, ‘ఊట’ రెండింటికీ మూలం ‘ఊరు’ అనే ధాతువే. చెలమలో ఊరే నీటికీ, జాడీలో దిగే రసానికీ తెలుగు ఒకే క్రియను వాడింది. జాడీ మూతికి కట్టే గుడ్డ ‘వాసెన’. కొలతల్లో గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ ఉన్నాయి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ. 1956 నాటి చట్టంతో మెట్రిక్ కొలతలు అంగడిలోకి వచ్చి, క్రమంగా ఈ మాటలను బయటకు నెట్టాయి. ఆవకాయ మాత్రం బరువు మీద కాక ‘పాళ్ల’ మీద నడుస్తుంది గనుక సోల, తవ్వ వంటింట నిలిచాయి. ఏ గిన్నెతో కొలిచినా పాళ్లు మారవు. పాళ్లు తెలిసినా పచ్చడి పాడైతే ‘చెయ్యి’ కుదరలేదంటారు. వైద్యుని విషయంలో వాడే ‘హస్తవాసి’ అనే మాట ఊరగాయ పెట్టే స్త్రీకీ వర్తిస్తుంది. చూసి, కలిపి, రుచి చూస్తేనే అబ్బే నేర్పుకు తెలుగు పెట్టుకున్న పేరు ఇది.

కలపడం ముగిశాక పళ్లేనికి అంటిన గుండలో వేడి అన్నం కలిపి అందరికీ ముద్దలు పెట్టడం చాలా ఇళ్లలో ఉంది. తరువాత జాడీలు విడిపోతాయి. ఒకటి పెద్దకూతురికి, ఒకటి చిన్నకూతురికి, కొంత వియ్యాలవారికి. ఏడాది తిరిగేసరికి జాడీ ఖాళీ అవుతుంది. ఖాళీ కావడం వల్లనే మళ్లీ కూడవలసి వస్తుంది.

4. బొమ్మల కొలువు: సంక్రాంతి కలయిక:

తమిళనాట, కన్నడనాట కొలువు నవరాత్రులకు తీరుస్తారు. తెలుగువారిలో దసరాకు పెట్టే ఇళ్లు ఉన్నా, కోస్తాలో సంక్రాంతికి పెట్టడం విశేషంగా కనబడుతుంది. భోగినాడు మెట్లు కట్టి బొమ్మలు తీర్చడం, సాయంత్రం పిల్లలకు భోగిపళ్లు పోయడం, పేరంటాండ్రను పిలిచి పసుపుకుంకుమలు, తాంబూలం ఇవ్వడం, చివరి రాత్రి హారతిచ్చి ఒక బొమ్మను పడుకోబెట్టడం ఇందులోని ప్రధానాంశాలు.

ఈ ప్రాంతపు కొలువుల్లో కొండపల్లి బొమ్మకు ప్రత్యేకస్థానం ఉంది. తెల్లపొణికి కర్రను వెచ్చబెట్టి తేమ తీసి, అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సుద్ద పూసి రంగులు వేస్తారు. కర్ర చాలా తేలిక. దశావతారాలు, అంబారీ ఏనుగు, పెళ్లిపల్లకీ, ఎద్దుబండి, తాటిచెట్టెక్కే గీతకార్మికుడు, తిరగలి విసిరే స్త్రీ ఈ బొమ్మల్లో ప్రసిద్ధాలు. పురాణమూ పల్లె వృత్తులూ ఒకే కొలువులో సరసన నిలుస్తాయి. ఇంట్లో తిరగలి లేకపోయినా, తిరగలి అనే మాటను పిల్లలు ఈ బొమ్మ దగ్గర నేర్చుకుంటారు.

ఈ సందర్భంలో గమనించవలసిన నియమం ఒకటుంది. ఏటా కనీసం ఒక కొత్త బొమ్మ చేర్చాలి. కొలువు ఎన్నడూ పూర్తికాని సేకరణ కావడానికి ఇదే కారణం. కొలువుకూ ఆవకాయకూ తేడా కూడా ఇక్కడే ఉంది. జాడీ ఏటా ఖాళీ అయి నిండుతుంది, కొలువు ఏటా పెరుగుతుంది. అమ్మమ్మ కొన్న రంగు వెలసిన ఏనుగు పక్కన మనుమరాలు కొన్న బొమ్మ నిలుస్తుంది. మెట్ల మీది వరుస ఆ ఇంటి వంశచరిత్రను చెబుతుంది, అయితే అందులో వంశక్రమం తల్లుల వైపు నుంచి నడుస్తుంది. కూతుళ్లకు బొమ్మలు పంచినప్పుడు కొలువు రెండవుతుంది. తోట పంచుకుంటే తగ్గుతుంది. కొలువు పంచుకుంటే, నియమం పాటించినంతకాలం, రెండు చోట్లా పెరుగుతుంది.

కొండపల్లి బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు చేసేవారి పేరును అనుకరణ నుంచి కాపాడుతుంది. ఏటా ఒక బొమ్మ కొనే ఇల్లు లేకపోతే మాత్రం చేసేవారి చేతిపని నిలవదు. ఆచారానికీ వృత్తికీ ఉన్న బంధం ఇది.

5. బొంత, వీణ:

పూర్తిగా ఇంట్లోనే పుట్టే చేతిపని బొంత. చిరుగుపట్టిన నేతచీరలు, పంచెలు పొరలుగా పరచి సాదాకుట్టు వేస్తారు. ఉతికి ఉతికి మెత్తబడిన బట్ట పసిబిడ్డ ఒంటికి ఒరుసుకోదు. పొత్తిళ్లకూ పాతబట్టనే వెదకడంలోని ఔచిత్యం అదే. సమోవా స్త్రీలు నేసే సన్నచాపల వంటి బట్టసంపదను పరిశీలించిన మానవశాస్త్రవేత్త ఆనెట్ వైనర్, 1992లో వెలువరించిన గ్రంథంలో ‘ఇస్తూనే ఉంచుకోవడం’ అనే భావనను వివరించింది. కొన్ని వస్తువులు చేతులు మారకుండా ఉండడంలోనే వంశగౌరవం ఉందన్నది ఆమె వాదసారం. బొంత ఆ వాదాన్ని మరోవైపు నుంచి చూపిస్తుంది. ఇక్కడ చీరను చీరగా దాచలేదు. అరిగిన చీర తన రూపం వదులుకొని మనుమడి పక్క అయింది. నిలిచింది బట్ట కంటే బంధం.

నూజివీడు పట్టణానికి వీణల తయారీలో పేరుంది. పనసకర్రతో చేసిన వీణ తరాలపాటు మన్నుతుంది. అయితే దాని ఇరవైనాలుగు మెట్లూ మైనంలో నిలిపినవి. వేడికి, వాడుకకు మైనం సడలి స్వరస్థానాలు కదులుతాయి. అప్పుడు మేళం మళ్లీ కట్టించాలి. అమ్మమ్మ వీణ మనుమరాలి చేతిలో పలకాలంటే, మధ్యలో మెట్లు సరిచేయగల పనివాడు ఉండాలి. అద్దాల బీరువాలోని వీణకు ఆ అవసరం లేదు, కానీ అది వాద్యంగా మిగలదు.

6. సంప్రదాయంలోని భారం:

ఈ కలయికలను గతవైభవంగా మాత్రమే వర్ణించడం పరిశోధన కాదు. ఎండాకాలపు వంటింట్లో వందలకొద్దీ కాయల పని ఎక్కువగా కోడళ్ల మీద, కూలికి వచ్చిన స్త్రీల మీద పడింది. మడి నియమాలు జాడీని ఎవరు తాకవచ్చునో నిర్ణయించాయి. పేరంటానికి సంప్రదాయికంగా పిలుపు ముత్తైదువలకే. బొమ్మలు సేకరించి పెట్టిన అమ్మమ్మే భర్త పోయాక ఆ పేరంటంలో వెనక్కి తొలగవలసి వచ్చింది. అంగడి ఊరగాయ రావడంతో చాలామంది స్త్రీలకు విశ్రాంతి దొరికిందన్నది నిజం. కాబట్టి నేటి ఇళ్లు ఈ సంప్రదాయాలను కొనసాగించేటప్పుడు పనిని మగవారితో పంచుకోవడం, పేరంటానికి అందరినీ పిలవడం వంటి మార్పులు చేస్తే వాటిని సంప్రదాయ భంగంగా కాక, కొలువులో చేర్చిన కొత్త బొమ్మగా చూడవలసి ఉంటుంది.

7. ముగింపు:

ఈ పరిశీలన నుంచి తేలే అంశాలు:

1. నూజివీడు ప్రాంతంలో స్త్రీల ద్వారా అందే వారసత్వం పునరావృత్తి మీద ఆధారపడింది. జాడీ నింపడం, బొమ్మ చేర్చడం, బొంత కుట్టడం, మేళం కట్టించడం ఆగిననాడు వస్తువు మిగిలినా వారసత్వం ఆగుతుంది.

2. కుటుంబ కలయిక ఈ వారసత్వానికి అలంకారం కాదు, అది అందే మార్గమే. హైదరాబాదుకో అమెరికాకో పార్సిలులో పచ్చడి చేరుతుంది, హస్తవాసి చేరదు.

3. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తిపదకోశాలు, 1971లో చేనేత పదాలను చేర్చుకొని, వృత్తుల వారీగా పదసేకరణకు మార్గం వేశాయి. కూలి లేనందువల్ల వృత్తి అనిపించుకోని వంటింటి పనికీ ఆ పద్ధతిని విస్తరించాలి. కాయ కోత నుంచి వాసెన కట్టు దాకా ఒక్క ఆవకాయ క్రమాన్నే ఊరూరా, కులాల వారీగా నమోదు చేసినా చక్కని పరిశోధనాంశం అవుతుంది.

సోల, తవ్వలతో కొలిచిన చేతులు ఇప్పుడు ఎనభైల వయసులో ఉన్నాయి. వారిని అడిగి రాసుకోవడం ఎంత అవసరమో, రాబోయే వేసవిలో వారి పక్కన కూర్చుని కలపడం అంతే అవసరం. ఈ విషయంలో క్షేత్రపర్యటన అంటే అదే.