క్షయక్రిమి ఆకలి

1882 మార్చి 24న బెర్లిన్ నగరంలో రాబర్ట్ కాక్ అనే వైద్యుడు క్షయవ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్లు ప్రకటించాడు. శత్రువెవరో ఆనాడు తెలిసింది. ఆ శత్రువు ఊపిరితిత్తులలో ఏమి తిని బతుకుతున్నదో స్పష్టంగా తెలియడానికి మాత్రం మరో శతాబ్దానికి పైగా పట్టింది.

గాలితోపాటు వాయుగోణులలోకి చేరిన క్షయక్రిమిని అక్కడ కాపలా కాసే భక్షక కణాలు మింగివేస్తాయి. మింగినదాన్ని ఆమ్లాలతో, ఎంజైములతో జీర్ణం చేయడం వాటి ధర్మం. కాని క్షయక్రిమి సామాన్యమైనది కాదు. తాను చిక్కుకున్న సంచిలోకి ఆ ఎంజైములు రాకుండా అడ్డుకొని, తనను మింగిన కణంలోనే కాపురం పెడుతుంది. అంతటితో ఆగదు. ఆ కణం జీవక్రియనే మార్చి, కొవ్వును బిందువులుగా కూడబెట్టేటట్లు చేస్తుంది. ఆ కొవ్వు ఆమ్లాలూ కొలెస్ట్రాలూ క్రిమికి ఆహారం. కంచే చేను మేసిందనే సామెత ఇక్కడ తిరగబడింది. చేను మేయవచ్చిన పశువు కంచెను మేస్తున్నది.

కణం కూడా చేతులు ముడుచుకొని కూర్చోదు. ప్రమాదాన్ని పసిగట్టగానే గ్లూకోజును వేగంగా వినియోగించుకోవడం మొదలుపెడుతుంది. ఈ మార్పులో భాగంగా ఇటకోనిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. కొవ్వు మీద బతకడానికి క్రిమికి అవసరమైన ఒక ఎంజైమును ఆ ఆమ్లం అడ్డగిస్తుంది. కణానికి వంటశాలే ఆయుధశాల అన్నమాట. మధుమేహం ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువ. వారి భక్షక కణాల జీవక్రియ సవ్యంగా సాగకపోవడం ఇందుకొక కారణమని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మధుమేహమూ క్షయా రెండూ విస్తారంగా ఉన్న భారతదేశానికి ఇది చిన్న విషయం కాదు.

ప్రాణవాయువు కరవైనప్పుడు క్షయక్రిమి పెరుగుదల మాని నిద్రాణంగా ఉండిపోతుంది. పెరిగే క్రిములను చంపే మందులు నిద్రించే క్రిమిని అంతగా బాధించలేవు. దగ్గు తగ్గిన తరువాత కూడా రోగి నెలల తరబడి మందులు వాడవలసి రావడానికి ఇది ముఖ్య కారణం. మధ్యలో మానివేస్తే మిగిలిన క్రిములు తిరిగి విజృంభిస్తాయి. మందులకు లొంగనివిగా మారే ప్రమాదమూ ఉంది.

అయితే నిద్రించే జీవికైనా ప్రాణం నిలుపుకొనేటంత శక్తి కావాలి. కణాలలో ఆ శక్తిని అందించే అణువు ఏటీపీ. 1929లో దానిని వెలుగులోకి తెచ్చినవారిలో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఆయన హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆ పరిశోధన చేశాడు. 2012లో అమెరికాలో అనుమతి పొందిన బెడాక్విలిన్ అనే మందు, క్షయక్రిమి ఏటీపీని తయారుచేసుకొనే ఎంజైమునే స్తంభింపజేస్తుంది. శక్తి అందని క్రిమి నిద్రలోనే నశిస్తుంది. ఇతర మందులకు లొంగని క్షయకు చేసే చికిత్సలో నేడు ఈ మందుదే ప్రధాన స్థానం.