మీకు తెలుసా? ఆసిలోస్కోపు లోపలే మరమ్మతుకు వెండి సోల్డర్

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రానికి చెందిన టెక్‌ట్రానిక్స్ సంస్థ, 1950, 60 దశకాల్లో తాను తయారుచేసిన అనేక ఆసిలోస్కోపుల లోపల, తరవాత మరమ్మతు చేసేవారి కోసం, వెండి కలిసిన సోల్డర్ తీగ చుట్టను కూడా అమర్చి అమ్మేది. విద్యుత్ సంకేతం కాలంతోపాటు మారే తీరును తెరపై గీతగా చూపే ఈ పరికరాల్లో, విడిభాగాల తీగలను పింగాణీ పట్టీల గాడుల్లో, వాటికి పట్టించిన పలుచని వెండి పూతపై అతికించేవారు. తగరం, సీసం మాత్రమే ఉన్న మామూలు సోల్డర్ కరిగినప్పుడు ఆ వెండిని తనలో కలుపుకుంటుంది కనుక, దానిని పదేపదే వాడితే అతుకు పింగాణీ నుంచి ఊడిపోతుంది. సుమారు 3 శాతం వెండి ముందే కలిసి ఉన్న సోల్డర్ ఈ నష్టాన్ని బాగా తగ్గిస్తుంది. కాబట్టి ఇటువంటి పాత ఆసిలోస్కోపును కొని బాగుచేయదలచినవారు ముందుగా వెండి కలిసిన సోల్డర్‌ను సమకూర్చుకోవాలి.