కారుకు కొత్త గొట్టాలు.. ఇంటికి కొత్త తలనొప్పి

(మా గ్రామీణ విలేఖరి)

"కారెక్కితే చాలు, మా అమ్మకు తల పగిలిపోతోంది మేస్త్రీ. ఏసీ గ్యాసేమో కాస్త చూడు" అంటూ ఓ రైతుబిడ్డ ఈమధ్య మండల కేంద్రంలోని షెడ్డుకు పాత మారుతీ జెన్ తోలుకొచ్చాడు. పెద్దమేస్త్రి ఏసీ జోలికి పోలేదు. బానెట్ ఎత్తి, ఇంజను స్టార్టు చేయించి చెవి ఒగ్గాడు. టిక్ టిక్‌మని సన్నటి చప్పుడు. నాలుగో బోరు దగ్గర నల్లటి మసి చార.

"గ్యాసే నాయనా. కానీ ఏసీది కాదు, ఇంజనుది" అన్నాడు.

సంగతేమంటే, ఆ కుర్రవాడు కొన్ని నెలల కిందట నగరంలో పాత సామాన్ల కొట్టులో హెడర్స్ సెట్టు కొని, స్నేహితులతో కలిసి ఇంటి దగ్గరే బిగించుకున్నాడు. తల్లికి తలనొప్పి మొదలైంది అప్పటినుంచే. ప్రయాణం పడటం లేదని ఇంట్లో అందరూ సరిపెట్టుకున్నారు.

ఏమిటీ హెడర్స్?

ఇంజను హెడ్డును ఆనుకుని పోత ఇనుముతో చేసిన మందపాటి పొగగొట్టం ఉంటుంది. దాన్నే మానిఫోల్డ్ అంటారు. నాలుగు బోర్ల పొగా అందులో దగ్గర దగ్గరే కలిసి సైలెన్సరు వైపు పోతుంది. ఒక బోరు పొగ మరో బోరు పొగకు అడ్డు తగులుతుంది. దానికి బదులు బోరుకో ఉక్కు గొట్టం చొప్పున కొంతదూరం విడిగా నడిపించి, ఆ తర్వాత కలిపేవే హెడర్స్. నాలుగూ ఒక్కచోటే కలిస్తే ఇంజను బాగా తిరిగేటప్పుడు లాభం. ముందు రెండుగా, పిదప ఒకటిగా కలిస్తే మధ్య వేగంలో పికప్. చేతి గేర్ల కారులో గేరు మన చెప్పుచేతల్లో ఉంటుంది కనుక ఇంజనును జోరు మీదే పట్టి ఉంచవచ్చు. కుర్రకారు మోజంతా అక్కడే.

అయితే మన దారులు పందెం దారులు కావు. గోతులు, గేదెలు, కోతల కాలంలో రోడ్డు మీదే ఆరబోసిన వడ్లు. రెండో గేరులోనో మూడో గేరులోనో నింపాదిగా పోవలసిందే. ఆ వేగంలో హెడర్స్ వల్ల లాగుడు పెరగకపోగా కొన్ని బండ్లకు తగ్గుతుంది కూడా. పెరిగేది హోరు. దాన్నే పికప్ అనుకుంటారు. ఈ విలేఖరి కూడా ఆ కారెక్కి చూశాడు. చప్పుడు విని ఎనభైలో పోతున్నామనుకుంటే, ముల్లు యాభై దాటలేదు!

బిగింపులోనే ఉంది

కుర్రవాళ్లు చేసిన పొరపాట్లను మేస్త్రి ఒక్కొక్కటే చూపించాడు. పాత ప్యాకింగే మళ్లీ వేశారు. హెడ్డుకు ఆనే పట్టీ వెల్డింగ్ వేడికి వంగి ఉంది. గాజు పలక మీద పెడితే ఒక కొస లేచింది. నట్లను ఈ చివర మొదలుపెట్టి ఆ చివరిదాకా ఒక్కసారే బిగించారు. నడుమ నుంచి అటూ ఇటూ కొద్దికొద్దిగా బిగించాలి. నాలుగైదుసార్లు ఇంజను వేడెక్కి చల్లారాక మళ్లీ ఒకసారి చూసుకోవాలి.

మరో సంగతి. క్లచ్ వదిలినప్పుడల్లా ఇంజను తన దిమ్మల మీద కాస్త ఊగుతుంది. కింద ఊగుడును ఆపుకునే మెత్తటి జాయింటు లేకుండా గొట్టాన్ని బిర్రుగా బిగిస్తే, ఆ కుదుపంతా హెడ్డు దగ్గరి ప్యాకింగు మీదే పడుతుంది. ఈ పలచటి గొట్టాల వేడి కూడా ఎక్కువే. క్లచ్ వైరు, కరెంటు వైర్లు దగ్గరగా పోతే మాడిపోతాయి.

బానెట్ కింద కారిన పొగ లోపలికి గాలి పీల్చే దారిన కారులోకి చేరుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నెత్తుటిలో ప్రాణవాయువు పట్టుకోవలసిన చోటును అది రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవారు తెల్లారేసరికి లేవకపోవడానికి కారణం ఇదే. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి లక్షణాలు. కారులో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఇలా అయితే ప్రయాణ బడలిక అనుకోరాదు. వెంటనే బండి ఆపి, దిగి, గాలిలోకి వచ్చి, ఆస్పత్రికి పోవాలి.

కాగా ఇటీవలి కార్లలో పొగను శుద్ధిచేసే డబ్బా చాలావాటికి మానిఫోల్డ్‌ను అంటుకునే ఉంటుంది. హెడర్స్ వేయాలంటే దాన్ని ఊడదీయాలి. పొగ పరీక్షలో బండి తప్పుతుంది. ఆ డబ్బాలో ప్లాటినం వంటి ఖరీదైన లోహాలు ఉంటాయి కనుక, ఊడదీసింది ఎవరి చేతికి పోయిందో అడగడం మరువవద్దు. ఇక చట్టం సంగతి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, నిబంధనలు ఒప్పుకోని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.

ఆ కుర్రవాడి పాత మానిఫోల్డ్ అదృష్టవశాత్తూ పశువుల కొట్టంలోనే పడి ఉంది. తెచ్చి బిగించబోతే ఒక స్టడ్డు హెడ్డులోనే విరిగింది. లేతు పనికి ఆ పూట గడిచిపోయింది. పొద్దుగూకే వేళ చల్లటి ఇంజను మీద, జాయింటు చుట్టూ సబ్బు నురగ రాసి స్టార్టు చేశారు. ఒక్క బుడగా లేవలేదు.

మర్నాడు తల్లిని అదే కారులో సంతకు తీసుకెళ్లి తెచ్చాడట. తలనొప్పి రాలేదంది. అయినా దారి పొడుగునా ఆమె తన వైపు అద్దం దింపే కూర్చుందట.