వార్తల్లో పదం: ఎలాస్టోమెరిక్ రెస్పిరేటర్

చలికాలం రాగానే గాలి నాణ్యత వార్తల్లో ఈ పేరు కనిపిస్తుంటుంది. ఎలాస్టోమెరిక్ రెస్పిరేటర్ అంటే సిలికోన్‌తోనో రబ్బరుతోనో చేసిన మాస్కు. ముక్కు మొదలు గడ్డం కింది దాకా కప్పుతుంది. ఫిల్టర్లు పాడైతే వాటినే మార్చి, మాస్కును కడిగి మళ్లీ వాడుకుంటారు.

2018లో శంకుస్థాపన జరిగిన ఉప్పల్-నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు ఏళ్ల తరబడి సాగాయి. వరంగల్ రోడ్డు మీద రోజూ బండి నడిపేవాళ్లు ఆ పనుల దుమ్మంతా మింగారు. ఇలాంటి మాస్కు గురించి తెలుసుకోవాల్సింది ముందుగా వాళ్లే.

ఫిల్టర్ ఎంత మంచిదైనా అసలు పని అంచుదే. ఎన్95 ఫిల్టర్ 0.3 మైక్రాన్ల రేణువుల్లో కనీసం 95 శాతాన్ని, పీ100 ఫిల్టర్ 99.97 శాతాన్ని ఆపుతాయి. చెంప దగ్గర సందుంటే మాత్రం దుమ్ము ఆ దారిన లోపలికి వస్తుంది. అందుకే పెట్టుకున్న ప్రతిసారీ ఫిల్టర్లను అరచేతులతో మూసి మెల్లగా గాలి పీల్చి చూడాలి. మాస్కు కొద్దిగా లోపలికి లాక్కుని ముఖానికి అతుక్కుంటే పట్టు కుదిరినట్టే. గడ్డం ఉంటే ఈ పట్టు దొరకదు. కళ్లజోడు, హెల్మెట్ పెట్టుకుని కూడా ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

నాచారం పారిశ్రామికవాడలో పెయింట్లు, థిన్నర్ల మధ్య పనిచేసేవాళ్లకు దుమ్ము ఫిల్టర్ చాలదు. ఆవిర్లను ఆపాలంటే యాక్టివేటెడ్ కార్బన్ కార్ట్రిడ్జ్ ఉండాలి.

చాలా మోడళ్లలో వదిలిన గాలి వాల్వు గుండా వడపోత లేకుండానే బయటికి పోతుంది. కాబట్టి దగ్గు, జలుబు ఉన్నప్పుడు పక్కవాళ్లకు దీనివల్ల పెద్దగా రక్షణ ఉండదు. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే వాడాలి. కడిగేటప్పుడు ఫిల్టర్లు తీసేసి, మాస్కును గోరువెచ్చని సబ్బునీళ్లతో శుభ్రం చేసి నీడన ఆరబెట్టాలి. ఫిల్టర్లను తడపకూడదు.